శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో యంత్రాల రాకను నమూనాగా కట్టడం ఎలా?

ప్రశ్న, క్లుప్తంగా: "ఎచ్చెర్లలో ఆర్థికశాస్త్ర పరిశోధన చేస్తున్నాను. సాంకేతిక మార్పు వల్ల శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఆర్థిక పరిస్థితి ఎలా మారుతోందో చూపే నమూనా కట్టాలి. ఉత్పత్తి ప్రమేయంలో కాలాన్ని ఒక చలరాశిగా పెడితే చాలని కొందరు అంటున్నారు. అది సరిపోతుందా? గణాంకాలు ఎక్కడ దొరుకుతాయి? రెండు జిల్లాలనూ కలిపి చూడాలా, విడివిడిగానా?"

సమాధానం:

సరిపోదు. ఎందుకో ముందు చెప్పి, నేనైతే ఎలా కడతానో తర్వాత చెబుతాను.

ఉత్పత్తి ప్రమేయం అంటే ఎంత పెట్టుబడి, ఎంత శ్రమ పెడితే ఎంత ఉత్పత్తి వస్తుందో చెప్పే సమీకరణం. అందులో కాలాన్ని పెట్టే పద్ధతికి బలం ఇచ్చినది ఆర్థికవేత్త రాబర్ట్ సోలో 1957లో రాసిన వ్యాసం. అమెరికాలో 1909 నుంచి 1949 వరకు గంట శ్రమకు వచ్చే ఉత్పత్తి రెట్టింపైంది. ఆ పెరుగుదలలో ఎనిమిదింట ఏడు వంతులకు పెట్టుబడి కారణం కాదని ఆయన తేల్చారు. లెక్కకు అందని ఆ మిగులుకే సాంకేతిక మార్పు అని పేరు. దేశం మొత్తానికి వర్తింపజేసినప్పుడు అది చాలా గొప్ప ఆలోచన. జిల్లాకు దించితే మాత్రం ఆ మిగులులోకి అన్నీ వచ్చి పడతాయి. గరివిడి, బొబ్బిలి ప్రాంతాల ఫెర్రో అల్లాయ్స్ (ఉక్కు తయారీలో వాడే మిశ్రమ లోహాలు) కొలుములనే తీసుకోండి. వాటి ఖర్చులో కరెంటుది పెద్ద వాటా. కరెంటు చార్జీ పెరిగినా, సరుకు ధర పడినా కొలిమిని చల్లార్చేస్తారు. యంత్రాలు మారలేదు, పనివారి నైపుణ్యం మారలేదు. అయినా మీ లెక్కలో ఆ ఏడాది జిల్లా సాంకేతికంగా వెనక్కి పోయినట్టు వస్తుంది. పైడిభీమవరంలో ఒక మందుల కర్మాగారం కొత్త విభాగం తెరిస్తే జిల్లా మొత్తం ముందుకు దూకినట్టు వస్తుంది. పలాసలో జీడిపిక్కలు కొట్టే మహిళ జీవితంలో ఈ రెండింటి వల్లా ఏ మార్పూ ఉండదు.

అందుకే జిల్లా స్థాయిలో సాంకేతిక మార్పును మిగులుగా కొలవకండి. ఎవరో ఒకరు కూర్చుని లెక్క వేసుకుని తీసుకునే నిర్ణయంగా దాన్ని చూడండి. యంత్రం కొనాలా వద్దా అన్నది కూలి రేటును బట్టి ఉంటుంది. ఆ కూలి రేటు ఎక్కడ తేలుతుందన్నది వలసను బట్టి ఉంటుంది. యంత్రం వచ్చాక వలస మళ్లీ మారుతుంది. మన రెండు జిల్లాలకు సంబంధించినంతవరకు ఈ చక్రమే అసలు విషయమని నా నమ్మకం. నమూనాకు గుండె ఇక్కడే పెట్టాలి.

మొదటి సమీకరణం హద్దుది, అంటే ఎంత పని ఉంటే యంత్రం గిట్టుతుందన్నది. ఆర్థిక చరిత్రకారుడు పాల్ డేవిడ్ 1966లో అమెరికా మధ్య పశ్చిమ ప్రాంతంలో కోత యంత్రాల గురించి రాస్తూ, యంత్రం ఎప్పటి నుంచో అందుబాటులో ఉన్నా రైతులు ఎందుకు ఆగారని అడిగారు. ఆయన జవాబు సూటిగా ఉంటుంది: పొలం ఒక పరిమాణం దాటితేనే యంత్రం గిట్టుతుంది, కూలి పెరిగే కొద్దీ ఆ హద్దు కిందికి దిగుతుంది. దీన్నే పలాసకు తెచ్చి చూద్దాం. ఇక్కడి అంకెలు పద్ధతి చూపడానికి నేను అనుకున్నవి మాత్రమే. అసలువి మీరు యూనిట్లకు వెళ్లి అడిగి తెచ్చుకోవాలి. పిక్కలు కోసే యంత్రానికి వడ్డీ, అరుగుదల కలిపి ఏడాదికి 3 లక్షల రూపాయల స్థిర భారం అనుకుందాం. 80 కిలోల పిక్కల బస్తాను చేత్తో కొట్టించడానికి 600 రూపాయలు. యంత్రంతో అయితే 480: అందులో కూలి 100, మిగతాది కరెంటు, మరమ్మతు, పప్పు విరగడం వల్ల తగ్గే ధర. బస్తాకు 120 మిగులుతుంది కాబట్టి ఏడాదికి 2,500 బస్తాలు ఆడించే యూనిట్‌కే యంత్రం గిట్టుతుంది. ఇప్పుడు కూలి ఐదో వంతు పెరిగిందనుకోండి. చేతిపని 720 అవుతుంది, యంత్రం పని 500 అవుతుంది. మిగులు 220. హద్దు సుమారు 1,360 బస్తాలకు పడిపోతుంది. కూలిలో చిన్న మార్పు హద్దును దాదాపు సగం చేసింది.

ఇదే లెక్కలో కూలిని కదపకుండా పప్పు విరుగుడును కదిపి చూడండి. యంత్రం ఇంకొంచెం ఎక్కువ విరగ్గొట్టి బస్తాకు మరో 60 రూపాయలు నష్టం తెస్తే హద్దు 5,000 బస్తాలకు ఎగబాకుతుంది. జీడిపప్పు వ్యాపారంలో ధర అంతా గుండు పప్పు, అంటే విరగని పూర్తి పప్పు మీదే నడుస్తుంది. డబ్ల్యూ 240 అనే గ్రేడు అంటే పౌండు (సుమారు 454 గ్రాములు) బరువుకు 240 లోపు గుండు పప్పులు తూగాలి. అదే పప్పు బద్దగా చీలితే ఒక ధర, ముక్కైతే ఇంకా తక్కువ. పిక్కలు కొట్టే చోట కాసేపు కూర్చుని గమనిస్తే ఇది కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. ఉడికించి ఆరబెట్టిన పిక్కను కత్తి మధ్య సరిగ్గా గీత మీద నిలబెట్టి, కాలితో నొక్కి, చేతి మీటతో విడదీసి, లోపలి పప్పును చెక్కుచెదరకుండా తీయడం అలవాటైన చేతికే సాధ్యం. పెంకులోని జీడి రసం చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి చేతులకు నూనో బూడిదో రాసుకుంటారు. పిక్క చిన్నదా పెద్దదా అని ఆ చెయ్యి చూడకుండానే గ్రహిస్తుంది. యంత్రానికి పిక్కలన్నీ ముందే పరిమాణం వారీగా వేరు చేసి పెట్టాలి. కాబట్టి నమూనాలో సాంకేతికతను "చేతిపని", "యంత్రం" అని రెండు ముక్కలుగా రాయకండి. ఎంత శాతం గుండుగా వస్తుందన్నది విడి చలరాశిగా ఉండాలి. పప్పు మీద పొట్టు తీయడం, గ్రేడింగ్ వేర్వేరు పనులు. యంత్రం ఒక్కో పనికి ఒక్కో కాలంలో వస్తుంది.

యూనిట్ల పరిమాణాలు తెలిస్తే, హద్దు దిగే కొద్దీ ఏడాదికి ఎన్ని యూనిట్లు యంత్రం వైపు వెళతాయో లెక్క దానంతట అదే వస్తుంది. గీసి చూస్తే మెల్లగా మొదలై, మధ్యలో వేగం అందుకుని, చివర నెమ్మదించే వంపు కనిపిస్తుంది. ఆర్థికవేత్త జ్వీ గ్రిలిచెస్ 1957లో హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం గురించి చూపినది ఇటువంటి వంపునే. ఒక్కో ప్రాంతంలో అది ఎప్పుడు మొదలైంది, ఎంత వేగంగా సాగిందన్నది లాభంతో ముడిపడి ఉందని ఆయన తేల్చారు. చాలామంది విద్యార్థులు ముందుగా ఆ వంపును గణాంకాలకు అతికించి పని అయిపోయిందనుకుంటారు. వంపు ఫలితం. దాని వెనక ఉన్న లెక్క మీకు కావాలి.

పొలాల దగ్గరకు వస్తే హద్దు నమూనాకు ఒక సవరణ అవసరం. అలాన్ ఓల్మ్‌స్టెడ్ 1975లో డేవిడ్ వాదానికి ఇచ్చిన జవాబు ఇదే: రైతులు యంత్రాన్ని పంచుకున్నారు, అద్దెకు తెచ్చుకున్నారు, కాబట్టి ఒక్క పొలం పరిమాణాన్ని పట్టుకుని హద్దు గీయడం తప్పు. మన దగ్గర వరికోత యంత్రాల కథ అంతా అదే. వంశధార, నాగావళి కింద ఎకరం, రెండెకరాల రైతు యంత్రం కొనడు. కోతల కాలంలో బయటి నుంచి లారీల మీద వచ్చే యంత్రాన్ని గంటకు ఇంతని మాట్లాడుకుంటాడు. అప్పుడు హద్దు రైతుది కాదు, యంత్రం యజమానిది: ఒక సీజనులో ఎన్ని గంటలు పని దొరుకుతుంది, ఒక ఊరి నుంచి మరో ఊరికి ఎంత దూరం నడపాలి, తడి ఆరని మడిలో దిగడానికి చైను బండి (చక్రాలకు బదులు గొలుసు పట్టీల మీద నడిచేది) కావాలా అన్నవే దాన్ని తేలుస్తాయి. ఇంకో సంగతి. యంత్రం కోసిన గడ్డి నలిగిపోతుంది, చేత్తో కట్టలు కట్టడానికి పనికిరాదు. పశువులున్న రైతు కొంత పొలాన్ని చేతికోతకే ఉంచుకోవడం మీరు చూసే ఉంటారు. గడ్డి ధరను నమూనాలో పెట్టకపోతే ఆ రైతు మూర్ఖుడిలా కనిపిస్తాడు. అతను చక్కగా లెక్క వేసుకున్నాడు.

ఇప్పుడు కూలి రేటు. పాఠ్యపుస్తక నమూనాల్లో అది ప్రాంతం లోపలే తేలుతుంది. మన దగ్గర మగవారి కూలి హైదరాబాద్, విశాఖపట్నం, చెన్నై కట్టడాల దగ్గర తేలుతుంది. మత్స్యకారులదైతే గుజరాత్‌లోని వెరావల్‌లో తేలుతుంది. ఆర్థికవేత్తలు హారిస్, టొడారో 1970లో చెప్పినట్టు, అక్కడి కూలిని పని దొరికే అవకాశంతో గుణించి, ప్రయాణం, అద్దె తీసేసి, దాన్ని ఊళ్లో కూలితో పోల్చుకుని బయల్దేరతారు. ఊళ్లో మిగిలినవారికి కనీసం దానికి దగ్గరగా ఇవ్వక తప్పదు. 2011 జనగణనలో వెయ్యి మంది మగవారికి శ్రీకాకుళంలో 1,015 మంది, విజయనగరంలో 1,019 మంది ఆడవారు లెక్కకు వచ్చారు. దీనికి ఇతర కారణాలూ ఉండవచ్చు గానీ మగవారి వలస జాడ అందులో తప్పక ఉంది.

ఆడవారి సంగతి వేరు. కట్టడం పనికి దంపతులు కలిసి వెళ్లే కుటుంబాలు ఉన్నాయి, కాదనను. కానీ పిల్లల చదువు, ఇంట్లో పెద్దవారు, పశువులు చూసుకుంటూ ఊళ్లోనే ఉండిపోయే మహిళకు హైదరాబాద్ కూలి అక్కరకు రాదు. ఆమెకు ఎదురుగా ఉన్నవి జీడి యూనిట్, పొలం పని, ఉపాధి హామీ పని. అంతే. అందుకే ఒకే జిల్లాలో రెండు చక్రాలు ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. కోత, మోత, నూర్పుల్లో మగవారు వెళ్లిపోతే కూలి పెరుగుతుంది, యంత్రం వస్తుంది, పని తగ్గుతుంది, ఇంకొందరు వెళతారు: ఈ చక్రం తనను తానే తోసుకుపోతుంది. జీడి యూనిట్‌లో యంత్రం వస్తే పని పోయిన మహిళ ఊళ్లోనే ఉంటుంది. ఆమె పక్క యూనిట్‌లో పని అడుగుతుంది, అక్కడ రేటు పెరగకుండా ఆగిపోతుంది, ఆ చిన్న యూనిట్‌కు యంత్రం కొనాల్సిన అవసరం తప్పుతుంది: ఈ చక్రం తనకు తానే అడ్డం పడుతుంది. ఒక కూలి రేటు, ఒక శ్రామిక సంఖ్య పెట్టి కట్టిన నమూనా ఈ రెండింటినీ కలిపి సగటు తీస్తుంది. ఆ సగటు ఏ ఊళ్లోనూ ఉండదు. మీ పరిశోధనలో ఆడ, మగ శ్రమలను వేరు చేసే పని ఒక్కటి చేసినా అది విలువైన పనే అవుతుంది.

ఇక్కడ ఎవరూ యంత్రం కొనకపోయినా బయటి యంత్రం దెబ్బ తగులుతుంది. వియత్నాం జీడి శుద్ధిని యాంత్రీకరించి 2006లో భారత్‌ను దాటి ప్రపంచంలో అతి పెద్ద జీడిపప్పు ఎగుమతిదారు అయింది. ఆఫ్రికా పిక్కల కోసం ఇద్దరూ ఒకే మార్కెట్లో పోటీ పడతారు. వాళ్ల ఖర్చు తగ్గితే ముడిపిక్కకు ఎక్కువ పెట్టగలరు, పప్పును తక్కువకు అమ్మగలరు. నడుమ నలిగేది పలాస యూనిట్ లాభం. కాబట్టి పిక్క ధర, పప్పు ధర రెండూ బయటి నుంచి వచ్చే చలరాశులుగా ఉండాలి, ఉద్దానం (పలాస చుట్టుపక్కల జీడి, కొబ్బరి తోటల ప్రాంతం) రైతుకు వచ్చే బస్తా ధర వాటి నుంచి తేలాలి.

జూట్ మిల్లులది ఇంకో పాఠం. నెల్లిమర్ల, బొబ్బిలి, సాలూరు, రాజాం పరిసరాల మిల్లులు గోగునార చుట్టూ పెరిగాయి. వాటిని దెబ్బతీసిన సాంకేతికత మిల్లు లోపల పుట్టలేదు, ప్లాస్టిక్ సంచి రూపంలో బయటి నుంచి వచ్చింది. సిమెంటు, ఎరువులు ప్లాస్టిక్ సంచుల్లోకి మారాక, ఆహారధాన్యాలకు, చక్కెరకు జూట్ సంచిని నిలబెట్టినది 1987 నాటి చట్టం. అంటే ఇక్కడ గిరాకీని ప్రభుత్వ ఉత్తర్వు నిర్ణయిస్తుంది. అది నమూనాలో ఒక మీటలా ఉండాలి. రైతు వైపు కూడా చూడండి. గోగు కోసి, కట్టలు కట్టి, చెరువులో నానవేసి, కుళ్లిన కాడల నుంచి నడుము లోతు నీళ్లలో నిలబడి నార ఒలవాలి. కూలి పెరిగిన ఏటల్లా ఆ పనికి మనుషులు దొరకడం కష్టమవుతుంది. రైతు మొక్కజొన్న వైపు మళ్లుతాడు. నార తగ్గి, మిల్లు షిఫ్టులు తగ్గి, మగ్గం తెలిసినవారు, మరమ్మతు తెలిసిన మెకానిక్కులు చెదిరిపోతారు. ఆ తర్వాత సంచికి మంచి ధర వచ్చినా పాత స్థితి తిరిగి రాదు. ఆర్థికవేత్తల్లో మిర్డాల్ 1957లో చెప్పిన పోగుపడే మార్పు, కల్డోర్ 1970లో దానికి ఇచ్చిన రూపం, డిక్సన్, థర్ల్‌వాల్ 1975లో కట్టిన సమీకరణాలు ఈ సందర్భానికి పనికొస్తాయి: ఉత్పత్తి పెరిగితే ఉత్పాదకత పెరుగుతుంది, దాంతో ధర తగ్గి ఎగుమతి పెరుగుతుంది, ఎగుమతి మళ్లీ ఉత్పత్తిని పెంచుతుంది. వాళ్లు దీన్ని ఎదుగుదల కోసం రాశారు. మీరు వెనక్కి తిప్పి వాడండి. పైకి వెళ్లే దారికీ కిందికి వచ్చే దారికీ వేర్వేరు గుణకాలు పెట్టండి; రెండూ ఒకటే అనుకుంటే మూతపడిన మిల్లు మీ కంప్యూటర్‌లో మాత్రమే తిరిగి తెరుచుకుంటుంది.

పొందూరు ఖాదీకి ఈ చట్రం సరిపోదు, దాన్ని ఇందులో ఇరికించకండి. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, చేతి రాట్నం మీద సన్న నూలు తీసే చోట కొనేవాడు డబ్బు ఇచ్చేదే యంత్రం లేనందుకు. దాన్ని వేరే సరుకుగా చూడాలి.

తర్వాత డబ్బు ఎటు పోతుందన్నది. యంత్రం వల్ల యూనిట్ లాభం పెరిగింది సరే, ఆ రూపాయి జిల్లాలో ఎంతసేపు తిరుగుతుంది? కూలీ చేతికి వచ్చిన 100 రూపాయల్లో 40 స్థానిక సరుకు మీద, సేవల మీద ఖర్చైతే, అందులో మళ్లీ నలభై శాతం తిరిగితే, మొత్తం ఆదాయం సుమారు 167 అవుతుంది. అదే 100 యంత్రం తయారీదారుకు, బ్యాంకు వడ్డీకి, బయట ఉండే యజమానికి పోయి ఇక్కడ 10 మాత్రమే మిగిలితే, ఆ 10 రూపాయలు సుమారు 17 అవుతాయి. వలస వెళ్లినవారు పంపే డబ్బు కూడా బయటి నుంచి వచ్చే ఆదాయమే. ఎగుమతి ఆదాయంతో సమానంగా దాన్ని రాయండి. ఈ భాగం తేలిక. ఇక్కడ ఎక్కువ కాలం గడపకండి.

గణాంకాల దగ్గర కష్టపడక తప్పదు. మొదటి అడ్డంకి హద్దులు. 1950లో విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం విడిపోయింది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది. పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం అటు వెళ్లాయి. రాజాం, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి, వంగర విజయనగరంలో కలిశాయి. జిల్లా అంకెలను అలాగే వరుసగా పేర్చితే 2022లో శ్రీకాకుళం ఒక్కసారిగా కుంగినట్టు వస్తుంది. అందుకని మండలాన్ని ఇటుకగా తీసుకుని, మీకు కావలసిన జిల్లాను మీరే కట్టుకోండి. మండలాలు 1985లో వచ్చాయి కాబట్టి అంతకు ముందుకు వెళ్లకపోవడం మేలు.

పరిశ్రమల వార్షిక సర్వే ప్రధానంగా కరెంటు వాడే చోట కనీసం పదిమంది, వాడని చోట కనీసం ఇరవై మంది పనిచేసే నమోదిత కర్మాగారాలనే చూస్తూ వచ్చింది. చిన్న జీడి యూనిట్లు చాలావరకు దానికి అందవు. 2013 నాటి ఆరో ఆర్థిక గణనలో అవి కొంత దొరుకుతాయి. జాతీయ శ్రామిక సర్వేల్లో తీసుకున్న కుటుంబాల సంఖ్య ఒక్క జిల్లాకు చాలదు. 2011 తర్వాత 2021లో జరగాల్సిన జనగణన ఆ ఏడాది జరగక వాయిదా పడింది. ఈ లోటు పూడ్చడానికి పరోక్ష ఆనవాళ్లు వెతకాలి. విద్యుత్ పంపిణీ సంస్థ దగ్గర మండలాల వారీగా చిన్న పరిశ్రమల కనెక్షన్లు, వాడకం ఉంటాయి. ఒక యూనిట్ యంత్రం పెట్టిన నెల అందులో తెలిసిపోతుంది. ఉపాధి హామీ మస్టర్లలో (హాజరు పట్టీల్లో) ఆడ, మగ హాజరు వారాల వారీగా ఉంటుంది. మగవారి హాజరు ఏ నెలల్లో పడిపోతుందో చూస్తే వలస కాలం తెలుస్తుంది. ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయం వెలువరించే జిల్లా గణాంక దర్శినిలో పంటల విస్తీర్ణం దొరుకుతుంది. ఇవన్నీ తెచ్చాక కూడా పలాస, కాశీబుగ్గల్లో కొన్ని యూనిట్లకు స్వయంగా వెళ్లి బస్తా లెక్కలు రాసుకోక తప్పదు.

పనిముట్ల విషయంలో తొందరపడకండి. ముందు లెక్కల పట్టికలో పది యూనిట్లు, రెండు కూలి రేట్లు, ఇరవై ఏళ్లు పెట్టి చేత్తో నడిపించండి. ఏ అంకె కదిలిస్తే ఏది కదులుతుందో అర్థమయ్యాక నెట్‌లోగోలోనో పైథాన్‌లోనో (నమూనాలు రాసే కంప్యూటర్ భాషలు) యూనిట్లను, కుటుంబాలను విడివిడి పాత్రలుగా రాయవచ్చు. పరీక్షకు మన దగ్గర ఒక కఠినమైన సందర్భం ఉంది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలను నేలకూల్చింది. 2018 వరకు ఉన్న గణాంకాలతోనే నమూనాను అమర్చి, తోటలు పోయినట్టు మాత్రమే దానికి చెప్పి వదలండి. కొత్త మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి తోటల వయసు నమూనాలో ఉండాలి. స్థానిక పిక్క తగ్గినప్పుడు ఏ పరిమాణం యూనిట్లు దిగుమతి పిక్క వైపు వెళ్లాయి, ఏవి మూతపడ్డాయి, ఏ మండలాల్లో ఉపాధి హామీ హాజరు పెరిగిందన్నది నమూనా చెప్పిన దిశలోనే జరిగిందా అని చూడండి. అంకె కలవకపోయినా ఫరవాలేదు, దిశ కలవాలి. కలవకపోతే ఆడవారి కూలి సమీకరణాన్ని ముందు అనుమానించండి.

ఇక మీ చివరి ప్రశ్న. శ్రమ మార్కెట్ ఒకటే కాబట్టి రెండు జిల్లాలనూ ఒకే నమూనాలో ఉంచండి. రాజాం కూలీకి జిల్లా గీత అడ్డు కాదు, విశాఖపట్నం ఇద్దరినీ లాగుతుంది. అయితే పోల్చి చూడటానికి ఒక అరుదైన అవకాశం ఉంది. ఉపాధి హామీ తొలి విడతలో 2006లో విజయనగరానికి వచ్చింది, శ్రీకాకుళానికి రెండో విడతలో 2007లో వచ్చింది. ఆ పథకంలో ఆడవారికీ మగవారికీ ఒకటే రేటు. వలస ఇవ్వని ప్రత్యామ్నాయాన్ని అది ఊళ్లో ఉన్న మహిళకు ఇచ్చింది. ఒక ఏడాది తేడాతో పక్కపక్క జిల్లాలకు అది చేరింది కాబట్టి, ఆ రెండు మూడేళ్లలో వ్యవసాయ పనుల్లో ఆడవారి కూలి విజయనగరంలో ముందుగా కదిలిందా అని చూడండి. కదిలి ఉంటే, పైన చెప్పిన రెండో చక్రంలో ఎంత బలం ఉందో మీకు ఒక అంకె దొరుకుతుంది. ముందు ఆ కూలి రేట్ల పట్టిక తయారు చేసుకోండి. హద్దు సమీకరణం దాని తర్వాత రాసుకోవచ్చు.